క్రిప్టో నెట్‌వర్క్ అప్‌గ్రేడ్ వాయిదా పడితే ఏం చూడాలి, ఎంతవరకు ఆగాలి

క్రిప్టోకరెన్సీ నెట్‌వర్క్‌లో రావలసిన పెద్ద మార్పు వాయిదా పడిందన్న కబురు తెలియగానే కొందరు కంగారుపడి చేతిలో ఉన్నది అమ్ముకుంటారు, మరికొందరు ఏమీ విచారించకుండా ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఈ రెండూ నష్టం తెచ్చేవే. వాయిదాకు చెప్పిన కారణం ఏమిటి, ఆ కారణాన్ని బయటివారు పరిశీలించి నిర్ధారించుకోగలరా లేదా అన్న రెండు విషయాలు తేల్చుకుంటే, ఆగాలో వద్దో మీరే నిర్ణయించుకోవచ్చు. దీనికి ఈథర్ అనే నాణెం నడిచే ఇథీరియం నెట్‌వర్క్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడ గడువులు చాలాసార్లు తప్పాయి, ఎందుకు తప్పాయన్నది కూడా చాలావరకు బహిరంగంగానే నమోదై ఉంది.

ముందుగా, మీరు విన్న తేదీ ఎటువంటిదో తెలుసుకోండి. సభల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ డెవలపర్లు చెప్పే తేదీ అంచనా మాత్రమే. ఫలానా బ్లాక్ (లావాదేవీల గొలుసులో వరుస సంఖ్య గల ఒక కట్ట) దగ్గర లేదా ఫలానా సమయానికి మార్పు అమల్లోకి వస్తుందని, నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లలో ఉండే క్లయింట్ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి కొత్త వెర్షన్ విడుదల చేశాక గాని దాన్ని గడువు అనలేము. ఆ గడువైనా మారవచ్చు. ఇథీరియం 2015 జూలై 30న మొదలైంది. ఆ ఏడాదే, కంప్యూటర్ల లెక్కింపు శక్తితో బ్లాకులు తయారుచేసే మైనింగ్‌ను రానురాను కష్టతరం చేసే ‘డిఫికల్టీ బాంబ్’ను కోడ్‌లో చేర్చారు, ఈథర్ జమకట్టినవారే బ్లాకులు తయారుచేసే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారే పనిలో జాప్యం జరగకుండా అది వెనకనుంచి తరుముతుందన్నది ఉద్దేశం. అయినా 2017 నుంచి 2022 వరకు దాన్ని ఆరుసార్లు వెనక్కి జరపవలసి వచ్చింది, చివరకు ‘మెర్జ్’ అనే ఆ మార్పు 2022 సెప్టెంబర్ 15న జరిగింది. నెట్‌వర్క్‌ను నిర్మించినవారే తాము కోడ్‌లో రాసుకున్న గడువును ఆరుసార్లు మార్చుకున్నప్పుడు, ఎవరో వేదిక మీద ‘వచ్చే ఏడాది’ అన్న మాటను నమ్ముకుని అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడం ఎంతమాత్రం తగదు.

తరువాత చూడవలసింది కారణం. ‘సాంకేతిక కారణాల వల్ల’ అనే ముక్తసరి ప్రకటన కారణం కిందికి రాదు. లోపం ఎక్కడుంది, ఎవరు కనిపెట్టారు, సరిదిద్దడానికి ఏం చేస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ అప్‌గ్రేడ్‌కు జరిగింది చూడండి. ఒక కాంట్రాక్ట్ (నెట్‌వర్క్ మీద తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) మరొకదానికి మామూలు పద్ధతిలో ఈథర్ పంపినప్పుడు, అందుకున్న కాంట్రాక్ట్‌కు 2,300 గ్యాస్ (నెట్‌వర్క్ మీద చేసే పనికి ఖర్చు కొలమానం) మాత్రమే దక్కుతుంది. స్టోరేజ్‌లో ఒక విలువ మార్చడానికి అప్పట్లో కనీసం 5,000 గ్యాస్ పట్టేది కాబట్టి, ఆ కాస్త గ్యాస్‌తో అవతలి కాంట్రాక్ట్ ఏ అఘాయిత్యమూ చేయలేదన్న ధీమాతో ఎందరో కోడ్ రాసుకున్నారు. కొత్తగా చేర్చబోతున్న ఈఐపీ-1283 అనే మార్పు ప్రతిపాదన కొన్ని సందర్భాల్లో ఆ ఖర్చును 200కు తగ్గించింది. దానితో, అంతవరకు భద్రంగా ఉన్న పాత కాంట్రాక్టులు కొన్ని రీఎంట్రన్సీ దాడికి (మొదటి పని ముగియకముందే కాంట్రాక్ట్‌ను మళ్లీ పిలిచి సొమ్ము కాజేయడానికి) గురయ్యే ప్రమాదం ఏర్పడింది. ఈ సంగతిని చైన్‌సెక్యూరిటీ అనే సంస్థ జనవరి 15న బయటపెట్టింది. అప్‌గ్రేడ్ మరో ఒకటి రెండు రోజుల్లో జరగవలసి ఉండగా దాన్ని ఆపేసి, క్లయింట్ల కొత్త వెర్షన్లను హడావిడిగా విడుదల చేశారు. ఆ ఒక్క అంశాన్ని తొలగించి, ఫిబ్రవరి 28న 72,80,000వ బ్లాక్ దగ్గర మార్పును అమలు చేశారు. తొలగించిన అంశం తగిన రక్షణతో ఈఐపీ-2200 పేరిట ఆ డిసెంబర్‌లో వచ్చింది. ఇటువంటి వాయిదా విన్నప్పుడు ఆ నెట్‌వర్క్ మీద మీ నమ్మకం పెరగాలే తప్ప తగ్గకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఫోన్ యాప్‌లో తప్పు దొర్లితే మరునాడు సరిచేసిన వెర్షన్ పంపవచ్చు గాని, వేల నోడ్లలో, అంటే నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లలో, నమోదైపోయిన లావాదేవీని వెనక్కి తీసుకోవడం అంత సులభం కాదు. 2016 జూన్‌లో ‘ది డావో’ అనే ఉమ్మడి పెట్టుబడి నిధి కాంట్రాక్ట్ నుంచి దాదాపు 36 లక్షల ఈథర్లు దారిమళ్లినప్పుడు, ఆ నష్టాన్ని సరిచేయడానికి జూలై 20న హార్డ్ ఫోర్క్ (పాత నియమాలతో పొసగని మార్పు) చేశారు. దానికి ఒప్పుకోనివారు పాత గొలుసుతోనే కొనసాగడంతో ఇథీరియం క్లాసిక్ వేరైపోయింది.

పని నిజంగా జరుగుతోందా అన్నది కోడ్ చదవడం రానివారు కూడా తెలుసుకోగలరు. ఇథీరియం ప్రధాన డెవలపర్ల సమావేశాలు గురువారాల్లో జరుగుతాయి, వాటి రికార్డింగులు ఎవరైనా చూడవచ్చు. అన్నిటికన్నా టెస్ట్‌నెట్ల (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్‌ల) ఫలితాలను గమనించండి. పెక్ట్రా అప్‌గ్రేడ్‌ను 2025 ఫిబ్రవరి 24న హోలెస్కీ టెస్ట్‌నెట్‌లో పెట్టినప్పుడు, మూడు క్లయింట్లలో, ఈథర్ జమచేసే డిపాజిట్ కాంట్రాక్ట్ చిరునామా తప్పుగా ఉండటం వల్ల గొలుసు చీలిపోయింది. చేరిన బ్లాక్ ఇక మారదన్న ఖరారు మళ్లీ రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. దానితో హూడీ అనే కొత్త టెస్ట్‌నెట్‌ను సిద్ధం చేసి, అక్కడ పరీక్షించి, మే 7న అసలు నెట్‌వర్క్‌లో అమలు చేశారు. టెస్ట్‌నెట్ విఫలమైందని ఎవరైనా నిరాశపడితే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పొరపాటు బయటపడవలసిన చోటు అదే.

ఇందుకు భిన్నంగా, కోడ్ ఎక్కడా బయటపెట్టకుండా, టెస్ట్‌నెట్ లేకుండా, గడువు తప్పిన ప్రతిసారీ కొత్త ‘దశ’ పేరు చెప్పి ఇంకా కొంత డబ్బు కట్టమనో, మరికొందరిని చేర్పించమనో అడిగే పథకాలు ఉంటాయి. అక్కడ ఓపిక పట్టవలసిన అవసరమే లేదు, వెంటనే బయటపడే దారి చూసుకోండి.

నిజాయతీగా సాగే ప్రాజెక్టులో కూడా డబ్బు విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: తీసుకునే వీలు ఎప్పుడు వస్తుందో కోడ్‌లో లేనంతవరకు, అవసరానికి కావలసిన సొమ్మును అందులో బంధించకూడదు. 2020 డిసెంబర్ 1న ప్రూఫ్ ఆఫ్ స్టేక్ కోసం వేరుగా పెట్టిన బీకన్ చెయిన్ మొదలయ్యేనాటికి ఒక్కొక్క వాలిడేటర్‌కు (బ్లాకులను సరిచూసే భాగస్వామికి) 32 ఈథర్ల చొప్పున జమచేసినవారు, వాటిని వెనక్కి తీసుకోగలిగింది 2023 ఏప్రిల్ 12 తరువాతే. రెండేళ్ల నాలుగు నెలలకు పైబడిన ఆ కాలంలో ఈథర్ ధర 4,800 డాలర్లు దాటింది, 1,000 డాలర్ల కిందికీ పడిపోయింది. పిల్లల ఫీజులకో ఇంటి రుణానికో దాచిన డబ్బును అలా ఇరికించినవారికి ఎంత నిబ్బరం ఉన్నా కిస్తీ తేదీ ఆగదు.

అప్‌గ్రేడ్ దగ్గరపడ్డాక మోసగాళ్లు బయలుదేరుతారు. మెర్జ్ సమయంలో పాత ఈథర్ పంపితే కొత్త ‘ఈటీహెచ్2’ ఇస్తామని ఊరించారు. అటువంటి నాణెం లేనేలేదు, ఈథర్ ఉన్నవారు ఆ మార్పు కోసం ఏమీ చేయవలసిన అవసరమూ లేకపోయింది. నోడ్ నడిపేవారు మాత్రం క్లయింట్‌ను గడువుకు ముందే అప్‌డేట్ చేసుకోవాలి. అప్‌గ్రేడ్ రోజున ఎక్స్ఛేంజీలు డిపాజిట్లను, ఉపసంహరణలను కొంతసేపు నిలిపివేయవచ్చు కాబట్టి, పెద్ద మొత్తాలు పంపే పని ఉంటే ముందు రోజే ముగించండి, లేదా కొత్త బ్లాకులు సక్రమంగా ఖరారవుతున్నాయని చూసుకున్నాకే పంపండి.