ఎండలో కాంపోజిట్ డెక్కింగ్ ఎంత కాలుతుంది? కొనేముందు, పరిపించాక చూసుకోవలసినవి

హైదరాబాద్‌లో బాల్కనీలకూ పెంట్‌హౌస్ టెర్రస్‌లకూ చెక్కను పోలిన కాంపోజిట్ పలకలు వేయించుకునేవారికి అమ్మకందారులు చెప్పే మాటలు చాలావరకు నిజమే: వీటికి చెదలు అంత తేలిగ్గా పట్టవు, ఏటా పాలిష్ పెట్టించనక్కరలేదు, వానకు చెక్కలాగా వంకర తిరగవు. షోరూములో ఏసీ కింద ఉన్న నమూనాను తాకి చూస్తే మాత్రం తెలియని సంగతి ఒకటుంది. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం నేరుగా ఎండ పడే చోట ముదురు రంగు పలకల మీద వట్టికాళ్లతో నిలబడలేము. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి ఇల్లంతా తిరిగే మనకు ఇది చిన్న విషయం కాదు.

వాతావరణ శాఖ ప్రకటించే 40 డిగ్రీలు నీడలోని గాలి ఉష్ణోగ్రత. ఎండలో పరిచిన నేల వేడి వేరు. గాలి 40 డిగ్రీలున్న రోజున ముదురు గోధుమ లేదా బొగ్గు రంగు కాంపోజిట్ పలక 65 నుంచి 70 డిగ్రీల దాకా వేడెక్కడం సాధారణం. గాలి ఆడని మూలల్లో అంతకు మించవచ్చు. పైగా హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏటా మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో తరచు మబ్బులు అడ్డుంటాయి, మే నెలలో ఆ అడ్డు ఉండదు. నిటారుగా పడే ఆ ఎండను అడ్డంగా పరిచిన పలక పూర్తిగా తీసుకుంటుంది.

అదే ఎండలో ఉన్న టేకు చెక్క ఇంతగా చురుక్కుమనదు. కాంపోజిట్ పలక అంటే రంపపు పొట్టును పాలిథిలీన్ లేదా పీవీసీ ప్లాస్టిక్‌తో కలిపి ఒత్తి తీసినది. అది టేకు కన్నా బాగా బరువైనది, చిక్కనిది. అందువల్ల రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా కాంపోజిట్ తనలోని వేడిని పాదానికి త్వరగా అందిస్తుంది. చర్మం దాదాపు 44 డిగ్రీలకు చేరేసరికి నొప్పి మొదలవుతుంది. కనుక డెక్కింగ్‌కు థర్మామీటరు చూపే అంకె ఎంత ముఖ్యమో, ఆ వేడి కాలికి ఎంత వేగంగా ఎక్కుతుందన్నదీ అంతే ముఖ్యం.

కాబట్టి కొనేముందు పరీక్ష మీ ఇంట్లోనే జరగాలి. మీకు నచ్చిన రెండు మూడు రంగుల్లో అడుగు పొడవైన ముక్కలు అడిగి తెచ్చుకోండి. పరిపించబోయే చోటే, కింద ఫ్రేము ఉన్నట్టుగా కొద్దిగా ఎత్తు పెట్టి, ఉదయం పది నుంచి ఎండలో ఉంచండి. పోల్చడానికి ఒక తాండూరు బండ ముక్కనూ, దొరికితే ఒక టేకు ముక్కనూ పక్కన పెట్టండి. మన ఊళ్లో మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు 12 గంటల 12 నిమిషాలకు, పలక అత్యధికంగా వేడెక్కేది ఆ తరువాతే. అందుచేత ఒంటి గంట నుంచి రెండున్నర మధ్య కొలవాలి. జ్వరం చూసే పరికరం ఇందుకు పనికిరాదు. ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. దాని ఎమిసివిటీని (ఉపరితలం వేడిని ఎంతగా వెదజల్లుతుందో పరికరానికి చెప్పే అమరికను) 0.95 దగ్గర ఉంచి, పలకకు దగ్గరగా, నిటారుగా పట్టుకుని చూడండి. పక్కనున్న స్టీలు రెయిలింగును ఇలాగే కొలిస్తే అంకె తప్పుగా తక్కువ చూపుతుంది కాబట్టి దాని మీద మాస్కింగ్ టేపు అతికించి కొలవాలి. చివరగా అరచేతి వెనక భాగాన్ని పలకకు ఆనించండి: అయిదు సెకన్లు ఉంచలేకపోతే ఆ రంగు చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు.

రంగు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఎండ పడే టెర్రస్‌కు ఇసుక రంగు, లేత బూడిద రంగు తప్ప మరేదీ ఎంచుకోకండి. ముదురు రంగుకూ లేత రంగుకూ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా రావచ్చు. అయినా లేత రంగు పలక కూడా మే నెలలో కాలుతుంది. ‘హీట్ రెసిస్టెంట్’ అని రాసి ఉన్నా దాని అర్థం చల్లగా ఉంటుందని కాదు. లోపల బోలుగా ఉండే పలకలు మధ్యాహ్నం తక్కువేమీ కాలవు గాని, సాయంత్రం నీడ పడ్డాక నిండు పలకల కన్నా త్వరగా చల్లారతాయి.

అసలు మందు నీడే. మన పెద్దలు వేసవి రాగానే వేసుకున్న చలువ పందిరి సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. 75 శాతం షేడ్ నెట్ అయినా, వెదురు తడిక అయినా, తీగ పాకించిన పందిరి అయినా, ఎండ పలకను తాకకముందే ఆపాలి. పడమటి ఎండ వాలుగా లోపలికి వస్తుంది కాబట్టి ఆ వైపు నిలువు తెర కూడా అవసరమవుతుంది. నీళ్లు చల్లితే అప్పటికప్పుడు చల్లబడుతుంది, కాని మన పొడి వేసవిలో ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది. బోరు నీళ్లయితే తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. సాయంత్రం కూర్చోబోయే ముందు ఒకసారి తుడవడానికి నీళ్లు చాలు, మధ్యాహ్నమంతా చల్లుతూ వృథా చేయవద్దు. పలకల మీద కృత్రిమ గడ్డి పరవడం మాత్రం పొరపాటు, అది తరచు పలక కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. రబ్బరు అడుగున్న పట్టాలు మరకలు పెడతాయి.

బిగించేటప్పుడు వ్యాకోచాన్ని మరవకూడదు. మూడు మీటర్ల పలక తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది; చివరల్లో తయారీదారు చెప్పిన ఖాళీ వదలకపోతే పలకలు ఒకదానినొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. కింద గాలి ఆడేలా ఫ్రేము ఉండాలి. ఎదుటి భవనపు అద్దాల నుంచి తిరిగి పడే ఎండ ఒకే చోట కేంద్రీకృతమైతే పలక వంగిపోయే ప్రమాదమూ ఉంది కాబట్టి గచ్చిబౌలి, కొండాపూర్ వంటి అద్దాల మేడల ప్రాంతాల్లో ఉండేవారు ఆ మెరుపు రోజులో ఏ వేళ, ఎక్కడ పడుతుందో ముందుగా గమనించాలి.

పాకే పిల్లలకు చర్మం పలుచన, కాలుతోందని తెలిసినా వెంటనే లేచి వెళ్లలేరు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన పెద్దలకు కాలుతున్నట్టే తెలియకపోవచ్చు, అందుకే వారి చెప్పులు టెర్రస్ తలుపు దగ్గరే ఉండాలి. పెంపుడు కుక్కలను పదకొండు నుంచి అయిదు దాకా ఎండలోని పలకల మీదికి వదలవద్దు. ఎవరికైనా కాలితే ఆ భాగాన్ని ఇరవై నిమిషాలు పారే చల్లని కుళాయి నీటి కింద ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు పెట్టకూడదు. బొబ్బ లేచినా, కాలినది పసిబిడ్డ అయినా, మధుమేహ రోగి అయినా అదే రోజు వైద్యునికి చూపించాలి.