గర్భంలో షుగర్ అని తేలితే పస్తులుండకండి

గర్భిణులకు సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష చేస్తారు. షుగర్ ఉందని తేలగానే చాలామంది భయపడి తిండి సగానికి తగ్గించేస్తారు. ముందు ఆ పని మానుకోండి. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయి, అవి బిడ్డకు మంచివి కావు. గర్భిణికి రోజుకు సుమారు 175 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఇది వండిన తిండి బరువు కాదు, ఆ తిండిలో ఉండే పిండిపదార్థం లెక్క. దాన్ని ఒకేసారి కాకుండా మూడు పూటలకీ, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లకీ పంచుకోవాలి.

ఇది మీ తప్పు వల్ల వచ్చింది కాదు. మాయ (కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. నెలలు గడిచేకొద్దీ వాటి ప్రభావం పెరుగుతుంది కాబట్టి ఆరో నెలలో పడిన తిండే ఎనిమిదో నెలలో పడకపోవచ్చు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. అందుకే బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేసుకుని మరీ బరువు పెరుగుతుంది. పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోయే ప్రమాదం కూడా అందువల్లే.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఉదయం పూట. అప్పుడు ఇన్సులిన్ మరీ మందకొడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఇబ్బంది పెట్టని తిండి కూడా పొద్దున తింటే షుగర్‌ను పైకి లేపుతుంది. టిఫిన్‌లో పిండిపదార్థం తగ్గించి గుడ్డు, పప్పుధాన్యాలు, గింజల లాంటివి పెంచండి. పాలల్లోనూ సహజమైన చక్కెర ఉంటుంది, పెద్ద గ్లాసు తాగితే లెక్కలోకి వస్తుంది. పండు పొద్దున కాకుండా మధ్యాహ్నం తర్వాత, పండుగానే తినండి. రసం చక్కెర కలపకుండా తీసినా వద్దు. తేనె, బెల్లం కూడా చక్కెర కిందికే వస్తాయి.

అన్నమో రొట్టో ఉత్తగా తినకుండా ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని మొదలుపెడితే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. డాక్టర్ విశ్రాంతి చెప్పినవాళ్లు మాత్రం అడిగాకే నడవాలి.

మీటర్‌తో చూసుకునేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వాలి. నారింజ ఒలిచిన వేలినే గుచ్చుకుంటే వేలికి అంటిన రసం వల్ల అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, ఊరికే టెన్షన్. తిన్న గంటకు చూసుకునేటప్పుడు ఆ గంట లెక్క మొదటి ముద్ద నుంచి మొదలవుతుంది, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. సాధారణంగా పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలంటారు. మీ డాక్టర్ వేరే అంకె చెబితే అదే పాటించండి. అంకె పక్కన ఆ పూట ఏం తిన్నారో కూడా రాసుకుంటే మీ ఒంటికి ఏది పడటం లేదో వారంలోనే తెలిసిపోతుంది.

పరగడుపు షుగర్ మాత్రం తిండితో లొంగకపోవచ్చు. దాన్ని దించాలని రాత్రి భోజనం మానేయడం ప్రమాదం. డాక్టర్ ఇన్సులిన్ రాస్తే మీరు ఓడిపోయినట్టు కాదు, దయచేసి వాయిదా వేయకండి. ఇన్సులిన్ వాడేవాళ్లు పూట తప్పించకూడదు. చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. పళ్లరసం పనికొచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే.

కాన్పు తర్వాత చాలామందికి షుగర్ మామూలు స్థితికి వస్తుంది. అయినా 4 నుంచి 12 వారాల లోపు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. పసిబిడ్డ పనుల్లో ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే. బిడ్డ టీకాల కార్డు మీదే ఆ తేదీ కూడా రాసి పెట్టుకోండి.