వీలాన్లు ఎక్కువైన చోట చిన్న స్విచ్‌ను ఎంచుకోవడం

ఒంగోలులో అంతస్తుకు అయిదు గదుల చొప్పున ఆరంతస్తుల హాస్టలు ఉందనీ, గదికొక వీలాన్ (ఒకే కేబుళ్ల మీద మిగతావాటితో కలవకుండా నడిచే విడి నెట్‌వర్కు) వేయాలనీ అనుకుందాం. అంతస్తుకొక ఎనిమిది పోర్టుల స్విచ్ (నెట్‌వర్కు కేబుళ్లను కలిపే పెట్టె) పెడితే అయిదు గదులకు, ఒకటి వైఫైకి, మిగిలిన రెండు కింది, పై అంతస్తుల ట్రంకులకు, అంటే అనేక వీలాన్లను కలిపి మోసే కేబుళ్లకు సరిపోతాయి. గదుల వీలాన్లు 30, సిబ్బంది వైఫైకి, అతిథుల వైఫైకి, స్విచ్చుల మేనేజ్‌మెంటుకు ఒక్కొక్కటి కలిపి మొత్తం 33.

చిక్కు ఇక్కడే ఉంది. వీలాన్లకు వాడే 802.1క్యూ ప్రమాణంలో వీలాన్ సంఖ్యకు 12 బిట్లు ఉన్నాయి కనుక వాడుకోదగిన సంఖ్యలు 4094. పెట్టె మీద కనిపించే ‘4కే వీలాన్’ అన్న మాట చాలాసార్లు ఈ సంఖ్యల పరిధిని గురించినదే తప్ప, ఒకేసారి ఎన్ని వీలాన్లు నడుస్తాయో చెప్పేది కాదు. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈలో ఏకకాలంలో నడిచేవి 32 మాత్రమే, నెట్‌గేర్ జీఎస్108ఈలో 64. అందుచేత డేటాషీటులో చూడవలసింది ఏకకాల సంఖ్యను.

ఆ సంఖ్యను పోల్చవలసింది కూడా ఒక అంతస్తు అవసరంతో కాదు. రౌటరు భవనం అడుగున ఉండి, స్విచ్చులు ఒకదాని నుంచి ఒకటి గొలుసుగా పైకి వెళ్తే, మొదటి అంతస్తు స్విచ్ తన అయిదు గదులతోపాటు పైనున్న పాతిక గదుల వీలాన్లను కూడా మోయాలి. అంటే దానికి 33 కావాలి, రెండో అంతస్తుదానికి 28 చాలు. 32 పరిమితి గల స్విచ్ ఆ మొదటి చోట ఒక్క వీలాన్ తేడాతో చాలకుండా పోతుంది. గొలుసు మానేసి ప్రతి అంతస్తు నుంచీ కిందికి విడిగా కేబులు లాగగలిగితే పై స్విచ్చులు చవకవి అయినా ఫరవాలేదు, నా దృష్టిలో అదే మేలైన పద్ధతి.

మ్యాక్ పట్టిక (ఏ పరికరం ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ గుర్తుంచుకునే జాబితా) గురించి హాస్టలు స్థాయిలో బెంగ అక్కరలేదు. స్విచ్ సెట్టింగులు మార్చే మేనేజ్‌మెంటు పేజీ సంగతి వేరు: కొన్ని చవక స్విచ్చులు ఆ పేజీని ఏ వీలాన్ నుంచి అడిగినా తెరుస్తాయి, అంటే గదిలో ఉన్న కుర్రవాడు కూడా పాస్‌వర్డు ప్రయత్నించవచ్చు. పేజీని ఒకే వీలాన్‌కు పరిమితం చేసే వీలు లేని స్విచ్‌ను ఇలాంటి చోట కొనకపోవడమే మంచిది.

రోహిణి కార్తెలో మన ఎండలను తలచుకుంటే, 40 డిగ్రీల వరకే హామీ ఇచ్చే స్విచ్‌ను మెట్ల కింద మూసిన పెట్టెలో పెట్టడం సాహసమే. 50 డిగ్రీలది వెతకండి. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలవంటి దుమ్ము చోట్ల ఫ్యాన్ లేనిదే కావాలి.

తిరిగి ఇచ్చే గడువు లోపలే 33 వీలాన్లూ సృష్టించి, ప్రతి పోర్టుకూ పీవీఐడీని (వీలాన్ గుర్తు లేకుండా వచ్చే డేటాను ఏ వీలాన్‌లో చేర్చాలో చెప్పే సంఖ్యను) విడిగా సరిచూసి, సెట్టింగులు సేవ్ చేసి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూడండి. సేవ్ మీట విడిగా నొక్కకపోతే మొదటి కరెంటు కోతకే అన్నీ చెరిగిపోయే స్విచ్చులు ఉన్నాయి.