ఓట్స్, మైదా లేకుండా ఆపిల్ క్రిస్ప్ చేయడం ఎలా?

సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన ఇళ్లలో ఎక్కడ చూసినా ఆపిల్సే. పిల్లలతో తోటకి వెళ్లి సరదాగా కోసుకొచ్చిన సంచులు వారమైనా తరగవు. ఆ పళ్లతో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వంట ఆపిల్ క్రిస్ప్. అడుగున మెత్తగా ఉడికిన పండు, పైన కరకరలాడే పొర. ఆ పొరని మామూలుగా ఓట్స్, మైదాతో చేస్తారు. మా ఇంట్లో ఒకరికి ధాన్యాలు పడవు, అందుకని నేను బాదం పిండితో చేస్తాను.

గ్లూటెన్ (గోధుమల్లాంటి ధాన్యాల్లో ఉండే జిగురు ప్రొటీన్) లేదన్నంత మాత్రాన ధాన్యం లేనట్టు కాదు. బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ రెండూ ధాన్యాలవే. అందుకే పళ్ల రసం చిక్కబడటానికి నేను సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పొడి చేసి, జల్లించి వేస్తాను. పేరులో బియ్యం ఉన్నా అది కర్రపెండలం దుంప నుంచి తీసేదే.

కావలసినవి

8 అంగుళాల చదరపు గాజు ట్రేకి మధ్యస్థంగా ఉన్న ఆపిల్స్ 6, నిమ్మరసం 1 టేబుల్ స్పూన్, సగ్గుబియ్యం పొడి 1 టేబుల్ స్పూన్, బెల్లం పొడి 2 టేబుల్ స్పూన్లు, దాల్చిన చెక్క పొడి 1 టీస్పూన్.

పై పొరకి బాదం పిండి ఒకటిన్నర కప్పు, చిన్న ముక్కలు చేసిన అక్రోట్లు ముప్పావు కప్పు, ఎండుకొబ్బరి తురుము అర కప్పు, బెల్లం పొడి పావు కప్పు, ఉప్పు పావు టీస్పూన్, గట్టిపడిన చల్లటి నెయ్యి 5 టేబుల్ స్పూన్లు.

1. పళ్లు. గ్రానీ స్మిత్ సగం, హనీక్రిస్ప్ సగం తీసుకోండి. మొదటిది పుల్లగా, రెండోది తియ్యగా ఉంటుంది, ఉడికినా రెండూ ముక్కగానే నిలుస్తాయి. మెకింటాష్ వద్దు, గుజ్జైపోతుంది. చెక్కు తీసి పావు అంగుళం మందాన కోసి, పై పొరవి కాకుండా మిగతావన్నీ కలిపి ట్రేలో సర్దండి.

2. పై పొర. పొడి దినుసులన్నీ కలిపి, నెయ్యి వేసి వేళ్ల కొసలతో నలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వదిలితే శనగ గింజలంత ఉండలుగా విడిపోవాలి. నెయ్యి కరిగి చేతికి జిడ్డు తగులుతుంటే ఆపేయండి. గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టేయండి.

3. రెండు విడతలుగా బేకింగ్. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బాదం పిండి చాలా త్వరగా రంగు మారుతుంది, ఆపిల్‌కేమో 40 నిమిషాలైనా కావాలి. మొదటిసారి నేను రెండూ ఒకేసారి ఓవెన్‌లో పెట్టాను. పైన నల్లగా మాడింది, కింద ముక్కలు పచ్చిగానే ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్ల ముందు ఎంత టెన్షన్ పడ్డానో! అందుకని ముందు ఓవెన్‌ని 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేసి (ఇండియాలో ఓటీజీ అయితే 175 సెల్సియస్), ట్రేకి ఫాయిల్ మూసి ఒట్టి పళ్లనే 20 నిమిషాలు ఉంచండి. తర్వాత ఫాయిల్ తీసి, ఫ్రిజ్‌లోని మిశ్రమాన్ని నొక్కకుండా పైన చల్లి, మళ్లీ 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. 15 నిమిషాలు దాటాక ఓసారి తొంగి చూడండి. అప్పటికే ఎర్రబడితే ఫాయిల్ వదులుగా కప్పండి.

అంచుల దగ్గర రసం చిక్కటి బుడగలతో కుతకుతలాడాలి, చాకు మొన గుచ్చితే ముక్కలో సులువుగా దిగాలి. అప్పుడు తీసి, కనీసం అరగంట ఆగండి. వేడిగా ఉన్నప్పుడు రసం పల్చగా, పై పొర మెత్తగా ఉంటాయి. చల్లారుతుంటేనే రసం చిక్కబడుతుంది, పొర కరకరలాడుతుంది.

మిగిలింది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పొర మెత్తబడిపోతుంది, ఓవెన్‌లోనే పది నిమిషాలు పెట్టండి. మా ఇంట్లో మర్నాడు పొద్దున గడ్డపెరుగుతో తినేస్తారు.