కాన్పు తర్వాత మూత్రం లీకవుతుంటే – మూడో పాఠం: బిగించమంటే ముక్కమని కాదు

పోయిన పాఠంలో మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం చెప్పాను. అది చదివి రాసినవాళ్లలో ఎక్కువమందిది ఒకటే గోడు: "రోజూ చేస్తున్నాం, తగ్గకపోగా తుమ్మితే ఇంకా ఎక్కువ లీకవుతోంది." అందుకే ఈసారి చెప్పాల్సిన 'టకటకా బిగించి వదలడం' వాయిదా వేస్తున్నాను.

మీలో చాలామంది కండరాలు బిగించడం లేదు, ముక్కుతున్నారు. గట్టిగా చెయ్యాలనే పట్టుదలతో ఊపిరి బిగబట్టి, పొట్ట బిర్రుగా చేసి, కిందికి నెడుతున్నారు. దగ్గినప్పుడు మూత్రాశయం మీద పడేదీ ఈ ఒత్తిడే. కాన్పులో సాగిపోయిన కండరాల మీద దాన్నే పూటపూటా వేస్తుంటే లీకవడం ఎలా తగ్గుతుంది?

కదలిక కిందికి కాదు, పైకి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకుంటాం చూడండి, అలా మలద్వారం దగ్గర మొదలుపెట్టి, ముందువైపు మూత్రం ఆపుకున్నట్టుగా లోపలికి, పైకి లాగాలి. అనుమానముంటే మోకాళ్లు మడిచి పడుకుని చేతి అద్దంలో చూసుకోండి. యోనికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి పోతే సరిగ్గా చేస్తున్నట్టు, బయటికి ఉబ్బితే ముక్కుతున్నట్టు. అద్దం ఇబ్బందైతే బిగించి ఉంచి, బయటికి వినపడేలా అంకెలు లెక్కపెట్టండి. గొంతు ఆగిందంటే ఊపిరి బిగబట్టారన్నమాట. పిరుదు మీద చెయ్యి వేసుకోండి, అది గట్టిపడకూడదు. తొడలూ అంతే. మెల్లగా చేసినా ఫర్వాలేదు, తప్పు కండరంతో గట్టిగా చేస్తే మాత్రం దండగ.

మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి చాలు. దాన్నే రోజూ వ్యాయామంలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక ఇన్ఫెక్షన్ రావచ్చు. సిజేరియన్ అయినవాళ్లూ ఇవి చెయ్యాలి. గర్భం బరువు మోసింది ఈ కండరాలేగా. లీకవుతుందని నీళ్లు మాత్రం తగ్గించకండి.

ఇక సాధన. పూటకి కనీసం 8 సార్లు, రోజుకి 3 పూటలు, కనీసం 3 నెలలు. బిగించి ఉంచగలిగినంతసేపు ఉంచండి, 10 సెకన్లు దాటక్కర్లేదు. పూర్తిగా వదిలి, అంతసేపూ విశ్రాంతి ఇవ్వండి. గుర్తుచేసే యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు, పాపాయికి పాలిచ్చే వేళల్లో చేస్తే మరిచిపోరు. 3 నెలలు సరిగ్గా చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. మూత్రంలో మంట, రక్తం, అసలు మూత్రం రాకపోవడం, వస్తున్నట్టే తెలియకపోవడం, యోనిలోంచి ఏదో జారుతున్నట్టుండటం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వచ్చే పాఠంలోపు ఇంకొకటి, కాస్త కష్టమైనది: దగ్గు, తుమ్ము వచ్చే ముందే బిగించి, అది అయ్యాకే వదలడం. మొదట కూర్చుని కావాలని చిన్నగా దగ్గుతూ చెయ్యండి, తర్వాత నిలబడి, ఆపైన పాపాయిని ఎత్తుకునేటప్పుడు. నిలబడి చేస్తే లీకయినవాళ్లు మళ్లీ కూర్చుని మొదలుపెట్టండి.