లా ఫర్మ్ ఇంటర్వ్యూకి సిద్ధం కావడం, 4వ పాఠం: వార్తలో నష్టం ఎవరి నెత్తిన పడింది?

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీరు దరఖాస్తు చేస్తున్న ఫర్మ్ ఈమధ్య పనిచేసిన ఒక డీల్ తీసుకుని, అందులో ఆ ఫర్మ్ ఎవరి తరఫున ఉందో, ఆ క్లయింట్‌కి అసలు ఏం కావాలో అర పేజీలో రాయమన్నాను. రాయనివాళ్లు ముందు అది రాసి రండి. క్లయింట్ వైపు నుంచి చూడటం కొంచెమైనా అలవాటైతేనే ఇవాళ్టి విషయం ఎక్కుతుంది.

ఇవాళ ఒకే ఒక్క ప్రశ్న: "ఈమధ్య మీ దృష్టికి వచ్చిన వ్యాపార వార్త ఒకటి చెప్పండి." కంపెనీలకు పనిచేసే లా ఫర్మ్‌లలో ఇది ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. దీంతో చూసేదాన్ని కమర్షియల్ అవేర్‌నెస్ అంటారు, అంటే ఒక వార్త క్లయింట్ వ్యాపారాన్ని ఎలా తాకుతుందో పసిగట్టడం. చాలామంది దీన్ని జనరల్ నాలెడ్జ్ అనుకుని అంకెలు బట్టీ పడతారు. నేనూ అదే చేశాను. నా మొదటి ఇంటర్వ్యూలో రెండు బ్యాంకుల విలీనం గురించి నాలుగు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడాను. ఇంటర్వ్యూ చేస్తున్న పార్ట్‌నర్, అంటే ఫర్మ్ యజమానుల్లో ఒకరు, ఓపిగ్గా అంతా విని, "సరే, దీనివల్ల రేపు పొద్దున మనకి ఫోన్ చేసేది ఎవరు? ఎందుకు చేస్తారు?" అని అడిగారు. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ప్రశ్నను మాత్రం ఈరోజుకీ ప్రతి వార్త దగ్గరా వేసుకుంటున్నాను.

ఒక వార్త తీసుకుని కలిసి చేద్దాం. పాతదే, కానీ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయెజ్ కాలువలో అడ్డం తిరిగి గట్టులో కూరుకుపోయింది. ఓడ పొడవు దాదాపు 400 మీటర్లు. అప్పట్లో ప్రపంచ వాణిజ్యంలో సుమారు 12 శాతం నడిచిన దారి ఆరు రోజులు మూసుకుపోయింది. 29న ఓడ కదిలేసరికి 400కు పైగా ఓడలు వరసలో నిలబడి ఉన్నాయి.

ఇక్కడితో ఆపేస్తే వార్త చదివి వినిపించినట్టే. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, ఇందులో డబ్బు ఇరుక్కున్న వాళ్లందరినీ ఒకరి కింద ఒకరిని రాయండి. ఓడ యజమాని జపాన్ కంపెనీ. అద్దెకు తీసుకుని నడుపుతున్నది తైవాన్‌కు చెందిన ఎవర్‌గ్రీన్. రోజువారీ నిర్వహణ జర్మన్ కంపెనీది. జెండా పనామాది. సిబ్బంది భారతీయులు. కాలువ ఈజిప్టుది, దాన్ని నడిపేది సూయెజ్ కెనాల్ అథారిటీ. ఓడ మీద 18,000కు పైగా కంటైనర్లు, వాటిలో సరుకు ఉన్న వ్యాపారులు ఎందరో. వీళ్లలో చాలామంది వెనక ఒక బీమా కంపెనీ. ఈ జాబితా రాస్తున్నప్పుడే మొదటి న్యాయ ప్రశ్న దానంతటదే వస్తుంది: గొడవ వస్తే ఏ దేశ చట్టం, ఏ కోర్టు?

తర్వాత ఒక్కొక్క పేరు పక్కన, వాళ్లకి ఏం నష్టం, దాన్ని ఎవరిని అడుగుతారు అని రాయండి. కాలువ అథారిటీ ఓడను కదలనివ్వకుండా పట్టుకుని మొదట 91.6 కోట్ల డాలర్లు అడిగింది, తర్వాత 55 కోట్లకు తగ్గింది. చివరికి ఎంతకు ఒప్పుకున్నారో బయటపెట్టలేదు. జూలై 7న గానీ ఓడ అక్కణ్ణుంచి బయలుదేరలేదు. అంటే గట్టులోంచి బయటపడటానికి ఆరు రోజులు, బేరం తెగడానికి మూడు నెలల పైన. ఆ మూడు నెలల్లోనే ఉంది లా ఫర్మ్ పని.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వద్దాం. ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించారు. ఇది సముద్ర వ్యాపారంలో చాలా పాత సూత్రం. తుపానులో ఓడ తేలికవ్వాలని ఒకరి సరుకు నీళ్లలో పడేశారనుకోండి. మిగతా అందరి సరుకూ దానివల్లే దక్కింది కదా, మరి నష్టం ఆ ఒక్కరే ఎందుకు మోయాలి? అందుకని ఓడనీ సరుకునీ కాపాడటానికి చేసిన అసాధారణ ఖర్చును, త్యాగాన్ని, అందరూ తమ ఆస్తి విలువను బట్టి పంచుకుంటారు. దాని ఫలితం చూడండి. ఏ తప్పూ చేయని వ్యాపారి తన కంటైనర్ విడిపించుకోవాలంటే ముందు హామీ ఇవ్వాలి. సరుకుకు బీమా ఉంటే ఆ హామీ సాధారణంగా బీమా కంపెనీ ఇస్తుంది. లేకపోతే సొంత డబ్బు డిపాజిట్ కట్టాలి. రేపు పొద్దున ఫోన్ చేసేది ఎవరో ఇప్పుడు తెలిసిందా? బీమా చేయించుకోని ఆ చిన్న వ్యాపారి.

ఇంకొక్క మెట్టు దిగుదాం. ఆ కంటైనర్లలో ఒకదాంట్లో బొమ్మలున్నాయి, పండగ సీజన్ దాటాక చేరాయి అనుకుందాం. కొన్న వ్యాపారి అమ్మిన వాళ్లని నష్టపరిహారం అడగొచ్చా? అది ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్‌ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) పద్ధతిలో కొంటే సరుకు ఓడ ఎక్కగానే రిస్క్ కొన్నవాళ్లదే, కాబట్టి దారిలో జరిగిన ఆలస్యానికి అమ్మినవాళ్లని పట్టుకోవడం కష్టం. ఫలానా తేదీకి మా గోడౌన్‌లో దించాలి అని రాసుకుంటే కథ మారిపోతుంది, అప్పుడు అమ్మినవాళ్లు ఫోర్స్ మెజ్యూర్ క్లాజు, అంటే తమ చేతిలో లేని ఘటన జరిగితే బాధ్యత తప్పించే షరతు, వెతుక్కుంటారు. పోయిన లాభం సంగతికొస్తే 1854 నాటి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసు గుర్తు తెచ్చుకోండి. మిల్లు ఇరుసు చేరవేయడంలో ఆలస్యమై మిల్లు ఆగిపోయింది. ఆ లాభం పోతుందని ఒప్పందం నాటికి రవాణాదారుకు తెలిసే వీలు లేదు కాబట్టి, అది ఇప్పించలేమంది కోర్టు. మొదటి సంవత్సరం పరీక్ష కోసం చదివిన కేసు ఇక్కడ పనికొచ్చింది. కేసు పేరు చెప్పడం ముఖ్యం కాదు, చెప్పకపోయినా నష్టం లేదు. "ఆ సీజన్ సంగతి వాళ్లకి ముందే చెప్పారా?" అని క్లయింట్‌ని అడగాలని తట్టడమే ముఖ్యం.

ఇంటర్వ్యూలో ఇదంతా చెప్పకండి. ఒకటిన్నర నిమిషం చాలు. ఇలా:

"సూయెజ్‌లో ఓడ ఇరుక్కున్న ఘటన నేను కొంచెం లోతుగా చదివాను. అందరూ సరఫరా ఆగిపోవడం గురించి రాశారు. నన్ను ఆకట్టుకున్నది సరుకు యజమానుల పరిస్థితి. జనరల్ యావరేజ్ వల్ల తప్పు లేకపోయినా వాళ్లు ఖర్చు పంచుకోవాల్సి వచ్చింది. దిగుమతి చేసుకునే క్లయింట్‌కి నేను రెండు విషయాలు చూడమంటాను. ఒకటి, సరుకు బీమా దీన్ని కవర్ చేస్తుందా. రెండు, కొనుగోలు ఒప్పందంలో రిస్క్ ఎక్కడ చేతులు మారుతోంది."

అంతే. ఆగండి. ఆగడం చాలామందికి రాదు, మౌనం చూసి టెన్షన్ పడి మళ్లీ మొదలుపెడతారు. మీరు ఆగితేనే వాళ్లు విషయం లోతుకు వెళ్లి అడుగుతారు, మీ మార్కులు అక్కడే ఉన్నాయి.

వాళ్లు తప్పకుండా మీ మాటకు అడ్డం చెబుతారు. "ఈ బీమా అంతా చిన్న క్లయింట్‌కి దండగ ఖర్చు కదా?" అంటారు. వెంటనే అవునండీ అని జారిపోవద్దు, మొండికెయ్యనూ వద్దు. "సరుకు విలువ, ప్రీమియం చూడకుండా చెప్పలేను. కానీ ఒక్క కంటైనర్ ఆగితే మూతపడే వ్యాపారమైతే నా సలహా మారదు" అనండి. ఏ సమాచారం వస్తే మీ అభిప్రాయం మారుతుందో చెప్పగలగడం లాయర్ లక్షణం. తెలియని విషయం అడిగితే తెలియదని ఒప్పుకుని, ఏ కాగితం చూస్తే తెలుస్తుందో చెప్పండి. సూటు, షేక్‌హ్యాండ్ లాంటివి రెండో పాఠంలోనే అయిపోయాయి, వాటి మీద ఇక సమయం పెట్టొద్దు.

ఈ వారం పని. ఈ నెల వార్తల్లోంచి ఒకటి తీసుకోండి: ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనడమో, ఫ్యాక్టరీ మూతపడటమో, డేటా లీకో. పైన చేసినట్టే కాగితం మీద పేర్లు, నష్టాలు, ఎవరు ఎవరిని అడుగుతారు రాయండి. ముందు ఇంట్లో చట్టం తెలియని ఒకరికి తెలుగులో చెప్పండి. వాళ్లు "అయితే?" అని అడిగిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి, మీకే అర్థం కాని చోటు అది. తర్వాత ఇంటర్వ్యూ జరిగే భాషలో ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రెండు నిమిషాలు దాటితే తగ్గించి మళ్లీ చేయండి.

ఆ కాగితం దాచిపెట్టుకోండి. 5వ పాఠంలో ఒక కంపెనీ కొనుగోలు కేస్ స్టడీ చేస్తాం, షేర్లు కొనాలా ఆస్తులు కొనాలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి. అక్కడా ఇదే కాగితం గీయాలి.