గేమ్ కీల పద్దు – 4వ పాఠం: ఎగిరిపోయిన సున్నా

పోయిన పాఠం చూసి గేమ్ కీలకి (కొన్న గేమ్‌ని తెరిచే కోడ్‌లకి) ఎక్సెల్‌లో పద్దు మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి ఒకటే దెబ్బ తగిలింది. సీడీ పెట్టె మీద ఉన్న కీ ఒకటి, షీట్‌లో కనబడేది ఇంకొకటి. తప్పు నాది. కీ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోమని చెప్పకుండా వదిలేశాను. బండిల్ కీల (కొన్ని గేమ్‌లు కట్టగా కొంటే వచ్చే కీల) సంగతి వచ్చేవారం చూద్దాం, ముందు ఇది సరిచేసుకోవాలి.

1998 నాటి హాఫ్-లైఫ్ గేమ్ సీడీ కీనే తీసుకోండి. మొత్తం 13 అంకెలు, ఒక్క అక్షరం కూడా ఉండదు. 0427-91536-8805 అనుకుందాం (ఇది నేను కల్పించింది). గీతలు తీసేసి ఎక్సెల్‌లో కొడితే అది సంఖ్య అనుకుంటుంది. ముందున్న సున్నాకి విలువ లేదు గనక తీసి పారేస్తుంది. మిగిలిన 12 అంకెల్నీ 4.27915E+11 అంటూ కుదించి చూపిస్తుంది. ఆ కుదింపు చూసి కంగారుపడకండి, లోపల అంకెలు భద్రంగానే ఉంటాయి. పోయింది మాత్రం సున్నా. తర్వాత ఆ సెల్‌ని టెక్స్ట్‌గా మార్చినా తిరిగిరాదు. 15 అంకెలు దాటిన కీ అయితే మరీ ఘోరం: 16వ అంకె నుంచి అన్నీ సున్నాలే.

అందుకే ముందు కాలమ్ మొత్తం టెక్స్ట్, ఆ తర్వాతే కీ. గీతలు తీయకండి. నేనెప్పుడూ తీయను, గీతలుంటే సరిచూసుకోవడం తేలిక.

ఇంత చేసినా ఫైల్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి, మళ్లీ డబుల్ క్లిక్‌తో తెరిచారంటే కథ మొదటికొస్తుంది. కాలమ్ టెక్స్ట్ అన్న సంగతి సీఎస్‌వీలో నిలవదు. ఎక్సెల్ ఫైల్‌గానే ఉంచండి.

స్టీమ్ (ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణం) కీల్లో అక్షరాలు కలిసి ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు. ఒక్కమాట: ఆ గేమ్ మీ ఖాతాలో ఇప్పటికే ఉందని స్టీమ్ చెబితే కీ ఖర్చు కానట్టే. పద్దులో ‘వాడలేదు’ అనే ఉంచి, తమ్ముడికో స్నేహితుడికో ఇచ్చేయండి.

అభ్యాసం: పక్క కాలమ్‌లో లెన్ (LEN) ఫంక్షన్‌తో ప్రతి కీ పొడవూ లెక్కించండి. గీతలతో కలిపి హాఫ్-లైఫ్‌కి 15, మామూలు స్టీమ్ కీకి 17 రావాలి. తేడా వచ్చిన ప్రతి గేమ్‌కీ పెట్టె బయటికి తీయండి. ఇంట్లో ఎవరైనా కీ పైకి చదువుతుంటే మీరు కొట్టండి. ‘ఓ’ అక్షరానికీ సున్నాకీ ఉన్న తేడా లెన్ పట్టుకోలేదు. అందుకని అంకె అయితే ‘సున్నా’ అని, అక్షరమైతే ‘ఆరెంజ్‌లో ఓ’ అని చదవమనండి.